మూడు రాత్రులకు నాలుగు రోజులు: లండన్ యూలెజ్‌తో నా అనుభవం

2024 ఫిబ్రవరి మూడో వారంలో మా ఇంటికి ఒక కవరు వచ్చింది. వరసగా నైట్ డ్యూటీలు పడటంతో వెంటనే విప్పలేదు. మైక్రోవేవ్ మీద కరెంటు బిల్లు పక్కన నాలుగు రోజులు అలాగే పడి ఉంది. విప్పి చూస్తే లోపల మా కారు ఫోటో, నంబర్ ప్లేటు దగ్గరగా కనిపించే ఇంకో ఫోటో, 180 పౌండ్ల జరిమానా. 14 రోజుల్లోపు కడితే 90. ఫోటో మీద సమయం గురువారం ఉదయం 8:20 అని ఉంది.

ఆ వారం సోమ, మంగళ, బుధ మూడు రాత్రులు డ్యూటీ చేశాను. మూడు రోజులకీ యూలెజ్ (అల్ట్రా లో ఎమిషన్ జోన్) రుసుము, అంటే ఎక్కువ పొగ వదిలే బండి లండన్‌లో తిరిగితే కట్టాల్సిన డబ్బు, రోజుకి 12.50 పౌండ్ల చొప్పున కట్టాను. రసీదులు ఫోన్లో ఉన్నాయి. మరి ఈ జరిమానా ఎందుకు? మా ఆయన, నేను డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఆ కాగితం రెండు వైపులా చదివాం. గంట తర్వాత గానీ విషయం తలకెక్కలేదు.

మేముండేది స్లౌలో. లండన్‌కి పడమట, ఎం25 రింగురోడ్డు దాటగానే వచ్చే ఊరు. నేను పిల్లల వార్డులో నర్సుని. 2024 జనవరి దాకా స్లౌ దగ్గరే పనిచేశాను, కాబట్టి యూలెజ్ గొడవ నాకు పట్టలేదు. అది లండన్ నడిబొడ్డున, పార్లమెంటు చుట్టుపక్కల ఉండే వ్యవహారమని అనుకునేదాన్ని. మొదలైంది అక్కడే, 2019 ఏప్రిల్ 8న. 2021 అక్టోబర్‌లో లండన్ లోపలి భాగం చుట్టూ తిరిగే నార్త్, సౌత్ సర్క్యులర్ రోడ్ల దాకా పెరిగింది. 2023 ఆగస్టు 29న లండన్ బరోలన్నిటికీ, అంటే నగరంలోని పాలనా విభాగాలన్నిటికీ, వచ్చేసింది. నేను కొత్తగా చేరిన ఆసుపత్రి పశ్చిమ లండన్‌లో ఉంది. అంటే మా ఇల్లు గీతకి ఇవతల, నా ఉద్యోగం గీతకి అవతల.

రైలు లేదా అని అడుగుతారు. ఉంది, ఎలిజబెత్ లైన్ మా ఊరి మీదుగానే పోతుంది. కానీ రైలు దిగాక బస్సు మారాలి. పన్నెండు గంటల రాత్రి డ్యూటీ చేసి, బస్ స్టాప్‌లో నిలబడి, బస్సెక్కి, రైలెక్కి ఇంటికి చేరేలోపు మా పాప స్కూలుకి వెళ్ళిపోతుంది. కారైతే దాన్ని నిద్ర లేపి, జడ వేసి పంపగలను. అందుకే కారు.

ఆ కారు 2013లో రిజిస్టరైన డీజిల్. 2021లో కొన్నప్పుడు అమ్మినాయన చెప్పిన మాటలు రెండు: మైలేజీ బాగా ఇస్తుంది, రోడ్ ట్యాక్స్ ఏడాదికి 20 పౌండ్లే. రెండూ నిజమే. ఇక్కడ 2001 నుంచి కార్ల రోడ్ ట్యాక్స్‌ని కార్బన్ డయాక్సైడ్ లెక్క మీద వేశారు. అదే దూరానికి డీజిల్ బండి ఆ వాయువుని తక్కువ వదులుతుంది కాబట్టి పన్ను తక్కువ. జనం డీజిల్ వైపు మళ్ళడానికి అదొక పెద్ద కారణం. కానీ డీజిల్ పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు ఎక్కువ. వాతావరణం లెక్కలో మంచిదనిపించుకున్న బండి, వీధిలో నడిచే పిల్లల ఊపిరితిత్తుల లెక్కలో చెడ్డది. యూలెజ్ చూసేది ఈ రెండో లెక్క.

పెట్రోలు బండి, పొగ మీద ఐరోపా పెట్టిన ప్రమాణాల్లో యూరో 4 అందుకుంటే చాలు. 2006 నుంచి వచ్చినవి దాదాపు అన్నీ అందుకుంటాయి. డీజిల్ మాత్రం యూరో 6 అయి ఉండాలి, అంటే సుమారుగా 2015 సెప్టెంబర్ తర్వాతివి. కాబట్టి 2007 నాటి పాత పెట్రోలు కారు ఉచితంగా తిరుగుతుంది, దానికంటే ఆరేళ్ళు కొత్తదైన నా డీజిల్ రోజుకి 12.50 కడుతుంది. మొదట ఇది నాకు మింగుడుపడలేదు. పొగ గొట్టంలోంచి వచ్చేదాన్ని బట్టి కొలుస్తున్నారు, బండి వయసుని బట్టి కాదని అర్థమయ్యాక ఒప్పుకున్నాను.

ఇక గురువారం ఉదయం సంగతి. ఇక్కడ టోల్ గేటు ఉండదు, ఆపేవాళ్ళు ఉండరు. రోడ్డు పక్కన పచ్చరంగు బోర్డు ఒకటి, స్తంభాల మీద కెమెరాలు, అంతే. క్రిస్మస్ రోజు తప్ప ఏడాదంతా, 24 గంటలూ అవి నంబర్ ప్లేట్లు చదువుతూనే ఉంటాయి. వాటికి రోజంటే అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా. సోమవారం సాయంత్రం లోపలికి వెళ్ళాను, మంగళవారం పొద్దున బయటికి వచ్చాను. అది రెండు తేదీలు. నేను మంగళ, బుధవారాలకి ఎలాగూ కట్టాను కాబట్టి ఆ పొద్దుటి ప్రయాణాలు వాటిలో కలిసిపోయాయి. మిగిలింది ఆఖరి రాత్రి తెల్లారాక ఇంటికి వచ్చిన గురువారం. మూడు రాత్రులకి నాలుగు రోజులు. నర్సుకి రాత్రి డ్యూటీ అంటే ఒక్క పని, సాయంత్రం బీరువాలో బ్యాగు పెట్టి పొద్దున తీసుకునేదాకా. కెమెరాకి అది రెండు రోజుల పని.

కవరు విప్పేలోపే తర్వాతి వారం మూడు రాత్రులూ అయిపోయాయి, అదే తప్పు మళ్ళీ జరిగింది. రెండో నోటీసు కూడా వస్తుందని తెలిసే ఎదురుచూశాను. వచ్చింది.

మా ఆయన అభ్యంతరం పెడదామన్నారు. 28 రోజుల్లోపు లండన్ రవాణా సంస్థకి రాయొచ్చు, వాళ్ళు తోసిపుచ్చితే ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు. అసలేమీ చేయకుండా వదిలేస్తే మాత్రం 180 కాస్తా 270 అవుతుంది. అభ్యంతరానికి ఒప్పుకునే కారణాల జాబితా చదివాను. బండి అప్పటికే అమ్మేశాం, ఎవరో దొంగిలించారు, డబ్బు ముందే కట్టాం, ఇలాంటివి. ‘నిబంధన సరిగ్గా అర్థం కాలేదు’ అన్నది అందులో లేదు. పైగా ఆ 14 రోజుల గడువు మనం కవరు విప్పిన రోజు నుంచి లెక్క కాదు. అప్పటికి మూడు రోజులే మిగిలాయి. రెండిటికీ తొంభై చొప్పున 180 పౌండ్లు కట్టేశాను. ఇరవై అయిదు పౌండ్లతో పోయేది.

ఈ కంగారులో ఇంకో దెబ్బ కూడా తగిలింది. ఒకరోజు ఫోన్లో వెతికితే మొదట కనిపించిన సైటులో కట్టేశాను. చూడటానికి అచ్చం ప్రభుత్వ సైటులాగే ఉంది. 12.50కి బదులు ఇంకా ఎక్కువ తీసుకుంది, సర్వీసు చార్జీ అని కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంది. మధ్యవర్తులు నడిపే ఇలాంటి సైట్లు ఉన్నాయని అప్పుడే తెలిసింది. ఎవరైనా మొదటిసారి కడుతుంటే దయచేసి లండన్ రవాణా సంస్థ అధికారిక సైటుకే వెళ్ళండి. అక్కడే నంబర్ ప్లేటు కొడితే మీ బండికి డబ్బు పడుతుందో లేదో కూడా చెబుతుంది. ఆ రోజు మర్చిపోయినా తర్వాత మూడో రోజు అర్ధరాత్రి దాకా కట్టొచ్చు.

ఇవన్నీ అయ్యాక ఆటో పేలో చేరాను. దానికి ఒకప్పుడు ఏడాదికి 10 పౌండ్ల రుసుము ఉండేది, 2023 జనవరిలో తీసేశారు. కెమెరాలు చూసిన రోజులు అదే లెక్కేసుకుని నెలకోసారి ఖాతాలోంచి తీసుకుంటుంది. జరిమానా భయం పోయింది, ఖర్చు పోలేదు. మార్చిలో పదమూడు రాత్రులు చేశాను. మూడేసి రాత్రులు వరసగా వచ్చేలా రోటా (డ్యూటీల పట్టిక) వేయమని వార్డ్ మేనేజర్‌ని బతిమాలుకున్నాను, ఎందుకంటే విడివిడిగా పడే మూడు రాత్రులకి ఆరు రోజులు కట్టాలి, వరసగా అయితే నాలుగే. అలా సర్దుకున్నా 18 రోజులు, 225 పౌండ్లు. ఇంటి అద్దె, పాప డే కేర్ తర్వాత మా ఇంట్లో పెద్ద ఖర్చు అదే. జోన్ లోపలున్న సౌత్‌హాల్ వెళ్ళి కూరగాయలు, బియ్యం తెచ్చుకోవడం కూడా డ్యూటీ రోజుకే పెట్టుకున్నాం. ఎలాగూ ఆ తేదీకి డబ్బు పడింది కదా.

ఏప్రిల్‌లో అమ్మ, నాన్న వచ్చారు. హీత్రూ విమానాశ్రయం కూడా జోన్‌లోనే ఉంది. దుబాయ్ మీదుగా వచ్చిన విమానం రాత్రి పదిన్నరకి దిగింది, ఇమిగ్రేషన్ లైను, బ్యాగులు అన్నీ అయి కారు దగ్గరికి వచ్చేసరికి పన్నెండు దాటింది. మళ్ళీ రెండు రోజులు. నాన్నకి దారిలో చెబితే “ఏమ్మా, ఇక్కడ ఫాస్టాగ్ లేదా?” అన్నారు. గేటే లేదు నాన్నా, కెమెరానే అన్నాను. కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, “గాలి మాత్రం బాగుందిలే” అన్నారు. తెనాలిలో మా ఇల్లు బస్టాండుకి దగ్గర. నాన్నకి ఆయాసం.

ఆ మాట నన్ను చాలా రోజులు పట్టుకుంది. ఎందుకంటే నేను ఈ నిబంధనకి వ్యతిరేకిని కాలేను. మా వార్డులో చలికాలం వస్తే సగం మంచాలు ఆయాసం పిల్లలవే. రాత్రి రెండింటికి నెబ్యులైజర్ మాస్కు పెట్టుకుని, పక్కటెముకలు లోపలికి లాక్కుపోతుంటే కళ్ళతో మనల్నే చూస్తారు. లండన్‌లో పిల్లల నర్సులకి ఎల్లా అడూ-కిస్సీ-డెబ్రా పేరు తెలియకుండా ఉండదు. ఆగ్నేయ లండన్‌లోని ల్యూషమ్‌లో సౌత్ సర్క్యులర్ రోడ్డు పక్కన పెరిగిన పాప. తొమ్మిదేళ్ళ వయసులో, 2013 ఫిబ్రవరిలో ఆస్తమాతో చనిపోయింది. వాళ్ళమ్మ ఏళ్ళ తరబడి పోరాడితే 2020 డిసెంబర్‌లో కరోనర్ (మరణ కారణాలని విచారించే అధికారి) ఆ మరణానికి గాలి కాలుష్యం కూడా కారణమని తేల్చారు. బ్రిటన్‌లో మరణకారణంగా ఆ మాట నమోదవడం అదే మొదలు. యూలెజ్ వల్ల రోడ్ల పక్కన నైట్రోజన్ డయాక్సైడ్ లండన్ మొత్తం మీద 27 శాతం తగ్గిందని 2025 మార్చిలో వచ్చిన నగర నివేదిక చెప్పింది. నేను నమ్ముతాను.

మార్చిలో ఒక రాత్రి పదకొండు గంటలకి ఒకాయన బిడ్డని చేతుల మీద మోసుకొచ్చాడు. ఆయాసం. మూడు గంటలకి బిడ్డ తేరుకుంది, ఇంటికి పంపొచ్చన్నారు డాక్టరు. ఆయన తాళాలు చేతిలో పట్టుకుని నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు: “సిస్టర్, నా వ్యాను పాత డీజిల్. నిన్నటికీ ఇవాళ్టికీ రెండుసార్లు పడుతుందా?” పడుతుందని చెప్పాను. మూడో రోజు అర్ధరాత్రి దాకా టైముందని, ఏ సైటులో కట్టాలో కాగితం మీద రాసిచ్చాను. పిల్లకి ఊపిరి ఆడనివ్వని పొగా, ఆ పిల్లని ఆసుపత్రికి చేర్చిన బండీ ఒకటే. ఆ రెండిటి మధ్యా నలిగిపోయేది ఆ తండ్రి. రోజుని అర్ధరాత్రి దగ్గర కోయకుండా, లోపలికి వచ్చిన గంట నుంచి 24 గంటలు లెక్కేస్తే గాలికి వచ్చే నష్టమేమిటి? నర్సులు, క్లీనర్లు, గోడౌన్లలో రాత్రి పనివాళ్ళు, వీళ్ళందరికీ భారం తగ్గుతుంది. ఈ మాట నేను ఎంపీకి ఉత్తరంగా కూడా రాశాను.

పాత కార్లు తుక్కుకి ఇస్తే డబ్బిచ్చే స్క్రాపేజ్ పథకం అప్పటికి నడుస్తోంది. కారుకి 2,000 పౌండ్ల దాకా ఇచ్చేవారు. 2023 ఆగస్టు నుంచి లండన్‌లో ఉండే ఎవరికైనా అది వర్తించింది. మా వార్డులోనే పనిచేసే మలయాళీ చేచి (అక్క) ఉండేది హేస్‌లో, బరో లోపల. ఆవిడ దరఖాస్తు పెట్టి, కారుని గుర్తింపు ఉన్న తుక్కు కేంద్రానికి ఇచ్చి, నాశనం చేసినట్టు సర్టిఫికెట్ పంపితే డబ్బు వచ్చింది. నేనూ ఆశగా ఫారం తెరిచాను. చిరునామా దగ్గరే ఆగిపోయింది. స్లౌ లండన్ బరో కాదు. ఆవిడా నేనూ ఒకే వార్డులో ఒకే రోగులని చూస్తాం, మా ఇళ్ళ మధ్య దూరం కొద్ది మైళ్ళు. కట్టేటప్పుడు ఇద్దరం లండన్ వాళ్ళమే, తీసుకునేటప్పుడు మాత్రం నేను బయటిదాన్ని. ఈ ఒక్క విషయంలో నా మనసు ఇప్పటికీ సమాధానపడలేదు. ఆ పథకం 2024 సెప్టెంబర్‌లో ముగిసింది.

జూన్‌లో డీజిల్ కారు 1,400 పౌండ్లకి అమ్మేశాం. కొన్నాయన వేల్స్ నుంచి వచ్చాడు, వాళ్ళ ఊళ్ళో జోన్ లేదు. ఆ పొగ ఆగలేదు, ఊరు మారింది. తాళాలిస్తున్నప్పుడు అది నాకు గుచ్చుకుంది. తుక్కుకి ఇచ్చే అవకాశం మాకూ ఉంటే ఆ బండి రోడ్డు మీదే ఉండేది కాదు.

దాని బదులు 2008 నాటి టయోటా యారిస్ పెట్రోలు కారు 2,600కి తీసుకున్నాం. చూడబోయే ముందే ప్రతి ప్రకటనలోని నంబరూ అధికారిక సైటులో కొట్టి చూశాను. ఎంఓటీ, అంటే ఏటా చేయించాల్సిన బండి తనిఖీ, చరిత్ర కూడా నంబరుతోనే దొరుకుతుంది. రోడ్ ట్యాక్స్ పాతదానికంటే చాలా ఎక్కువ, మైలేజీ తక్కువ. అయినా మొదటి మూడు రాత్రుల డ్యూటీ ముగించి గురువారం పొద్దున అదే కెమెరా కింద నుంచి వస్తుంటే, ఇన్ని నెలల తర్వాత భుజాలు దించుకుని కూర్చున్నట్టు అనిపించింది. ఆగస్టులో బర్మింగ్‌హామ్ దగ్గర టివిడేల్ బాలాజీ గుడికి వెళ్ళేటప్పుడు బర్మింగ్‌హామ్ జోన్ సంగతి కూడా ముందే చూసుకున్నాను. అక్కడ కార్లకి రోజుకి 8 పౌండ్లు, చెల్లించే సైటు వేరు. గుడి ఆ జోన్ బయటే ఉంది, ఎలాగూ మా బండికి పడదు.

మొన్న వార్డులో నెల్లూరు నుంచి కొత్తమ్మాయి చేరింది. స్లౌలోనే గది తీసుకుంది. బ్రేక్‌లో ఫోన్ చూపించి, “అక్కా, ఈ కారు బేరం కుదిరింది, 2014ది, డీజిల్, చాలా శుభ్రంగా ఉంది” అంది. నంబర్ చెప్పమని అడిగి సైటులో కొట్టాను. రోజుకి 12.50 అని వచ్చింది. రోజుకి అంతే కదక్కా అంది. డ్యూటీ అప్పగించే హ్యాండోవర్ కాగితం వెనక్కి తిప్పి సోమ, మంగళ, బుధ అని మూడు రాత్రులు గీసి, చివర గురువారం ఉదయం చుట్టూ సున్నా చుట్టి చూపించాను.