పట్టాలు తీసేసిన దారుల్లో బాస్క్ కొండలు

ఉత్తర స్పెయిన్‌లోని బాస్క్ కొండల్లో సైకిల్ అనగానే చాలామందికి రేసులే గుర్తొస్తాయి. 2023 జూలైలో టూర్ డి ఫ్రాన్స్ బిల్బావోలో మొదలైంది కదా, అది టీవీలో చూసినవాళ్లకు ఆ నిట్టనిలువు ఎక్కుడులూ, రోడ్డుకు రెండు వైపులా గొంతు చించుకుంటున్న జనమూ ఇంకా కళ్ల ముందే ఉండి ఉంటారు. ఇక్కడి సొంత రేసు ఇట్సులియా అయితే 1924 నుంచీ ఉంది. అందుకే నేనూ మా అక్కా లగేజీ బ్యాగులు తగిలించుకుని అక్కడ సైకిల్ తొక్కబోతున్నామంటే తెలిసినవాళ్లందరూ అడిగింది ఒకటే, ఆ కొండలు మీరెలా ఎక్కుతారని. ఎక్కనక్కర్లేదు. నేను ఈ పోస్టు రాస్తున్నదే ఆ మాట చెప్పడానికి.

ఈ ప్రాంతంలో ఒకప్పుడు కొండల మధ్య నుంచి చిన్న చిన్న మీటర్ గేజ్ రైళ్లు నడిచేవి. ఇనుప గనుల కోసం కొన్ని, లోయల్లోని ఫ్యాక్టరీ ఊళ్ల కోసం కొన్ని. లారీలూ బస్సులూ వచ్చాక వాటికి గిరాకీ తగ్గి ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. పట్టాలు పీకేశారు కానీ దారి ఎక్కడికి పోతుంది? స్పెయిన్‌లో 1993లో వియా వెర్దే అనే కార్యక్రమం మొదలుపెట్టి ఇలాంటి పాత రైలు దారుల్ని నడిచేవాళ్లకూ సైకిళ్లకూ ఇవ్వడం మొదలుపెట్టారు. రైలింజను నిట్టనిలువుగా ఎక్కలేదు కాబట్టి ఆ దారి వాలు ఎప్పుడూ మెల్లగానే ఉంటుంది, మలుపులు పెద్దవిగా సాగుతాయి, కొండ అడ్డొచ్చినచోట ఇంజినీర్లు సొరంగం తవ్వేశారు. వాళ్లు రైలు కోసం పడ్డ కష్టమంతా ఇవాళ మన మోకాళ్లకు కలిసొస్తోంది. కార్లు లేవు, లారీలు లేవు. వెనక నుంచి హారన్ వస్తుందేమోనన్న టెన్షన్ లేకపోతే మనిషి ఎంత తీరిగ్గా చుట్టూ చూస్తాడో అక్కడికి వెళ్లాకే నాకు అర్థమైంది.

ఈ దారుల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ప్లాసావోలా. గిపుస్కోవా ప్రావిన్సులోని అందోయైన్ నుంచి లెయిట్సారన్ లోయ వెంట పైకెళ్లి, పక్క ప్రాంతం నవార్రాలోని లెయిట్సా మీదుగా లెకున్‌బెర్రి దాకా నలభై కిలోమీటర్ల పైచిలుకు. మొదట ప్లాసావోలా ఇనుప గనుల కోసమే వేసిన లైను ఇది, 1914లో దాన్ని పెంచి పాంప్లోనా నుంచి సాన్ సెబాస్టియన్ దాకా ప్రయాణికుల రైలు నడిపారు. 1953 వరదలు లైనును బాగా దెబ్బతీశాయి, ఆ తర్వాత అది మళ్లీ కోలుకోలేదు. ఇప్పుడు కింద ఏరు, పైన బీచ్ చెట్లు, ఓక్ చెట్లు, మధ్యలో కంకర దారి, అంతే. అక్కడక్కడా పాత ఇనుప కొలిమిల శిథిలాలు, చిన్న జలవిద్యుత్ కేంద్రాలు కనిపిస్తాయి. అందోయైన్ దాటాక చాలా దూరం ఊరంటూ ఉండదు, టీ కాదు కదా నీళ్లు అమ్మేవాళ్లు కూడా ఉండరు, కాబట్టి తిండీ నీళ్లూ బయల్దేరేటప్పుడే సర్దుకోవాలి.

ఈ లోయ ఇంత నిశ్శబ్దంగా మిగలడం వెనక పెద్ద గొడవే ఉంది. సాన్ సెబాస్టియన్ నుంచి పాంప్లోనాకు మోటార్‌వే వేయాలనుకున్నప్పుడు, 1980ల చివర్లో, ఈ లోయ పాడైపోతుందని జనం రోడ్డెక్కారు. ఆ ఉద్యమంలోకి బాస్క్ వేర్పాటువాద సాయుధ ముఠా ఈటీఏ చొరబడి పనుల మీద బాంబులు పెట్టింది, ప్రాణాలు పోయాయి. చివరికి 1992లో దారిని కొంత మారుస్తూ ఒప్పందం కుదిరింది, 1995లో ఏ-15 అనే ఆ మోటార్‌వే తెరిచారు. లారీలన్నీ అటు పోయాయి. నది పక్కన ఆగి బ్రెడ్డు, ఇదియాసబాల్ చీజ్ తింటూ కూర్చున్నప్పుడు ఇదంతా తలుచుకుంటే మనసుకు కష్టంగా ఉంటుంది. చెట్టు మీద పిట్ట కూత వినపడేంత ప్రశాంతత ఉచితంగా ఏమీ రాలేదు.

ఇక ఉయిట్సి సొరంగం. లెయిట్సాకూ లెకున్‌బెర్రికీ మధ్య, పొడవు దాదాపు 2.7 కిలోమీటర్లు. ముఖద్వారం ఇంకా కొంత దూరం ఉండగానే చల్లగాలి వచ్చి మొహానికి తగులుతుంది, ఎండాకాలంలో కూడా. లోపల లైట్లున్నాయి, అయినా ఎండలోంచి వెళ్లిన కళ్లకు మొదట ఏమీ కనపడదు. పైనుంచి నీటి చుక్కలు మెడ మీద పడుతుంటాయి. నేల తడిగా ఉండి టైరు చప్పుడు మారిపోతుంది, మాట్లాడితే మన మాటే ముందు నుంచి తిరిగొస్తుంది. అక్క నాకన్నా కొంచెం ముందు వెళ్తోంది, తన వెనక లైటు ఎర్రచుక్క తప్ప తను కనపడటం లేదు. "ఒరేయ్, వస్తున్నావా?" అని అరిచింది, ఆ "వస్తున్నావా" సొరంగమంతా పాకింది. గోడల్లో అక్కడక్కడా మనిషి పట్టేంత గూళ్లున్నాయి, రైలొస్తే పట్టాల మీద పనిచేసేవాళ్లు ఒదిగి నిలబడటానికి. ఒకదాంట్లో నిలబడి చూశాను. భుజాలు రెండు వైపులా గోడకు ఆనుతున్నాయి. రైలు మూర, మూరన్నర దూరంలో దూసుకుపోతుంటే అక్కడ నిలబడ్డ మనిషి గురించి చాలాసేపు ఆలోచించాను.

ఈ సొరంగం ఒక జలవిభాజక రేఖ కింద నుంచి పోతుంది. లెయిట్సా వైపు పడ్డ వాన బిస్కే అఖాతంలోకి వెళ్తుంది, లెకున్‌బెర్రి వైపు పడ్డది ఎబ్రో నదిలో కలిసి మధ్యధరా సముద్రానికి పోతుంది. మేం లోపలికి వెళ్లేటప్పుడు ఆ ప్రాంతపు సన్న జల్లు, సిరిమిరి అంటారు, బట్టలు తెలియకుండానే తడిపేస్తోంది. బయటికొచ్చేసరికి ఎండ. ప్రతిసారీ ఇలాగే ఉంటుందని చెప్పను కానీ, రెయిన్ జాకెట్ బ్యాగు అడుగున మాత్రం పెట్టకండి. లెకున్‌బెర్రిలో పాత స్టేషన్‌ను బాగు చేసి పర్యాటక కార్యాలయంగా మార్చారు, అక్కడ మ్యాపులు దొరుకుతాయి. అన్నట్టు, బరువైన రాళ్లెత్తే ఆటలో 300 కిలోల పైబడిన రాయిని ఎత్తిన ఇన్యాకి పెరురేనాది లెయిట్సానే.

బిదాసోవా దారి దీనికి పూర్తిగా వేరు. ఇరూన్ నుంచి నది ఒడ్డునే బేరా మీదుగా దొనెస్తెబే వరకు, దాదాపు చదునుగా. ఎలిసోందో దాకా నడిచిన ఆ చిన్న రైలు 1956 చివర్లో ఆగిపోయింది. ఇరూన్ దగ్గర నది మధ్యలో ఒక బుల్లి లంక ఉంది, ఫెజెంట్ ఐలాండ్. ఆరు నెలలు స్పెయిన్‌ది, ఆరు నెలలు ఫ్రాన్స్‌ది. 1659లో రెండు రాజ్యాలూ పిరనీస్ ఒప్పందం చేసుకున్నది అక్కడే. ఈ లోయలో మాత్రం పక్కనే పెద్ద రోడ్డు, ఎన్-121-ఎ, లారీలతో కిటకిటలాడుతూ ఉంటుంది. చాలాచోట్ల ఆ మోత వినపడుతూనే ఉంటుంది. చిరాకే, కానీ ఆ రోడ్డు మీద సైకిల్ తొక్కాల్సి వస్తే ఎలా ఉండేదో పక్కనే కనిపిస్తుంటుంది కాబట్టి మన దారి విలువ తెలుస్తుంది.

ఉరోలా లోయలోని దారి గురించి రెండు ముక్కలు. సుమర్రాగా నుంచి అస్కోయితియా వైపు లోయ ఇరుకు, ఒక సొరంగం అయిపోయిందనుకునేలోపు ఇంకొకటి. పై నుంచి కిందికి తొక్కితే పెద్దగా పెడల్ వేసే పనే ఉండదు. 1926లో మొదలైన ఆ లైను 1980లలో మూతపడింది, అస్పెయితియా స్టేషన్‌లో ఇప్పుడు బాస్క్ రైల్వే మ్యూజియం ఉంది. రైళ్లంటే ఏ కాస్త ఇష్టమున్నా ఒక పూట కేటాయించండి.

అన్నిటికన్నా పనికొచ్చే సంగతి ఇది. ఇరూన్, అందోయైన్, ఒర్మాయిస్తెగి, సుమర్రాగా, ఇవన్నీ ఒకే సెర్కానియాస్ లోకల్ రైలు లైను మీద ఉన్నాయి, ఆ రైళ్లలో జనం మరీ ఎక్కువ లేకపోతే సైకిల్ ఎక్కించుకోవచ్చు. అంటే ఒక లోయలో దిగి, తొక్కి, రైలెక్కి ఇంకో లోయకు పోవచ్చు, మధ్యలో కొండ రోడ్డు ముట్టుకోకుండా. ఆఫీసులు మొదలయ్యే, వదిలే వేళల్లో మాత్రం వద్దు. ఊరి బయట హెల్మెట్ తప్పనిసరి. సొరంగాల్లో ముందూ వెనకా లైట్లు ఉండాల్సిందే. సన్న రేసు టైర్లు ఆ కంకర మీద పనికిరావు, కాస్త వెడల్పువి వేసుకోండి.

మేం వాస్కో-నవార్రో అనే ఇంకో పాత రైలు దారిలో అంతోన్యానా చుట్టుపక్కల కొంచెమే తొక్కాం. అంతోన్యానా స్టేషన్ దగ్గర పాత రైలు పెట్టె ఒకటి నిలబెట్టారు. ఎస్తేయా నుంచి విటోరియా-గాస్టెయిస్ మీదుగా ఉత్తరాన దేబా లోయలోకి దిగే ఆ లైను 1967 చివరి రోజున మూతపడింది. దాని అసలు అడ్డంకి లామినోరియా సొరంగం, రెండు కిలోమీటర్ల పైన పొడవు, లోపల కూలిపోయి మూసుకుపోయింది, కాబట్టి గెరెన్యు కనుమ మీదుగా మామూలు రోడ్డెక్కి చుట్టూ తిరగాలి. అక్కడ ఎక్కక తప్పదు. ఈసారి అక్కనూ ఒప్పించాను, ఎస్తేయాలో మొదలుపెట్టి బెర్గారా దాకా, గెరెన్యు కనుమతో సహా పూర్తిగా తొక్కుతాం.