మార్‌గ్రేవ్ అంటే సరిహద్దు దొర

యూరప్ చరిత్రలో నాకు బాగా నచ్చిన పదం మార్‌గ్రేవ్. జర్మన్‌లో మార్క్ అంటే సరిహద్దు ప్రాంతం, గ్రాఫ్ అంటే కౌంట్, అంటే రాజు తరఫున ఒక ప్రాంతాన్ని ఏలే దొర. చక్రవర్తి ఎక్కడో దూరంగా ఉంటాడు, శత్రువు మీదకొచ్చాక ఆయన ఆర్డర్ కోసం కూర్చుంటే కొంప మునుగుతుంది కదా, అందుకే ఫ్రాంకుల చక్రవర్తి షార్లమేన్ (క్రీ.శ. 800 ప్రాంతం) కాలం నుంచీ సరిహద్దు దొరలకి మామూలు కౌంట్ల కంటే ఎక్కువ సైన్యం, ఎక్కువ అధికారం ఇచ్చారు. ఫ్రెంచి దొరల బిరుదు మార్క్విస్ కూడా ఈ మార్క్ నుంచి పుట్టిందే.

ఇంగ్లండ్‌లో వీళ్లే మార్చర్ లార్డ్స్. 1066లో ఇంగ్లండ్‌ని జయించాక విలియం రాజు వేల్స్ సరిహద్దులో చెస్టర్, ష్రూస్‌బరీ, హియర్‌ఫర్డ్‌లని తన నమ్మకస్తుల చేతిలో పెట్టాడు, వై నది ఒడ్డున కొండ అంచు మీదున్న చెప్‌స్టో కోట 1067లో మొదలైంది. వీళ్లకి సొంత కోర్టులు, సొంత యుద్ధాలు, రాజుగారి రిట్ (రాతపూర్వక ఆజ్ఞ) అక్కడ చెల్లదు! చివరికి 1536లో ఎనిమిదో హెన్రీ హయాంలో ఆ అధికారాలకి కత్తెర పడింది.