విమానంలో సిరిమాను

మా విజయనగరం నుంచి అమ్మాయి దగ్గరికి ఒంటరిగా బయల్దేరాను. దుబాయ్ నుంచి డాలస్‌కి దాదాపు 16 గంటలు, అదీ అర్ధరాత్రి దాటాక ఎక్కడం. నాకేమో లిఫ్ట్ ఎక్కినా గుండె దడే. లైట్లు ఆర్పేసి అందరూ గుర్రు పెడుతుంటే నేనొక్కదాన్నే, ఇంజిన్ చప్పుడు కాస్త మారినా చెవులు రిక్కించి కూర్చున్నాను (నేను మెలకువగా ఉంటేనే విమానం ఎగురుతుందన్నట్టు!).

కుదుపులు మొదలయ్యాక చూస్తే రెక్క కొస పైకీ కిందకీ ఊగుతోంది. ప్రాణం పోయింది. పక్క సీటు కుర్రాడు "అలా వంగేలాగే చేస్తారు ఆంటీ, వంగకపోతేనే ప్రమాదం" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది మా ఊరి అమ్మవారు పైడితల్లమ్మ జాతరలో ఊరేగించే సిరిమాను. ఆ పొడవాటి చింతమాను కొసన పూజారి గారు కూర్చుని, గుడి నుంచి కోట దాకా గాల్లో ఊగుతూ మూడుసార్లు తిరిగొస్తారు కదా, ఏటా కింద నిలబడి అరటిపళ్లు విసరడమే గానీ ఆయనకెలా ఉంటుందో ఒక్కసారైనా ఆలోచించానా?

బెల్టు బిగించి, ఊపిరి నెమ్మదిగా వదులుతూ ఆ అమ్మవారినే తలుచుకున్నాను. నిద్రైతే పట్టలేదు, కానీ టీ అడిగి తాగగలిగాను.

తిరుగు ప్రయాణం వచ్చే నెల. టెన్షన్ అప్పుడే మొదలైంది. ఈసారి రెక్క దగ్గరి సీటే అడుగుతా, అక్కడ కుదుపు కాస్త తక్కువట.