డాబా మీద ఎనిమిది అంగుళాల టెలిస్కోప్: ఈ చలికాలంలో ఏం కనిపించింది

డిసెంబరు మొదటి వారం. కర్నూల్లో మా డాబా మీద 8 అంగుళాల డాబ్సోనియన్ (సాదా తిరిగే పీఠం మీద ఉండే అద్దం టెలిస్కోప్) పెట్టి ఓరియన్ మండలంలోని రైజెల్ జంటను, అంటే పక్కపక్కనే ఉన్న రెండు నక్షత్రాలను, విడదీసి చూడాలని కూర్చున్నాను. 1200 మి.మీ. ఫోకల్ లెంగ్త్, 10 మి.మీ. ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం), 120 రెట్లు. రెండు చుక్కల మధ్య ఎడం 9 ఆర్క్‌సెకన్ల (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) పైనే, కాబట్టి సులువే అనుకున్నాను. కానీ చిన్నది పెద్దదానికంటే నాలుగైదు వందల రెట్లు మసక. పైగా రైజెల్ కాగే నూనెలా కుతకుతలాడుతోంది. మూడు రాత్రులు అదే తంతు.

కారణం కాళ్ల కిందే ఉంది. పగలంతా ఎండకు కాగిన స్లాబ్ రాత్రి ఆ వేడిని వదులుతోంది, ట్యూబులో అద్దం కూడా ఇంకా చల్లారలేదు. అప్పటినుంచి సాయంత్రం ఐదింటికి స్లాబ్ మీద నాలుగు బకెట్ల నీళ్లు చల్లుతున్నాను. అవి ఆరాక ఏడింటికి టెలిస్కోప్ బయట పెట్టి, చూడటం మాత్రం తొమ్మిదిన్నర తర్వాతే మొదలుపెడుతున్నాను. నాలుగో ప్రయత్నంలో గాలి ఒక్క క్షణం నిలిచింది. రైజెల్ వెలుగు అంచున సూదిమొనంత నీలిచుక్క! మళ్లీ కలిసిపోయింది, మళ్లీ తేలింది. అరగంట దాన్నే చూస్తూ ఉండిపోయాను.

ఈ సీజన్‌లో నాకు బాగా అర్థమైంది ఒకటే. జంట నక్షత్రాలకు కావాల్సింది నిలకడైన గాలి, నెబ్యులాలకు (ఆకాశంలోని వాయు, ధూళి మేఘాలకు) కావాల్సింది చీకటి. వీధిలైట్లు ఉన్నా, వెన్నెల ఉన్నా జంటలకు పెద్ద ఇబ్బంది లేదు. అందుకే ఇప్పుడు పౌర్ణమి వారాన్ని కూడా వృథా చేయడం లేదు. ముందు ఏదైనా పెద్ద నక్షత్రాన్ని చూస్తాను. అది నిలకడగా ఉంటే జంటలు. వణుకుతున్నా ఆకాశం నల్లగా ఉంటే 25 మి.మీ. ఐపీస్ వేసి నెబ్యులాలు.

పుష్య అమావాస్యకు ముందు మూడు రాత్రులు ఎం42కే, అంటే ఓరియన్ నెబ్యులాకే ఇచ్చాను. వీధిలైటు కంట్లో పడకుండా తలమీద దుప్పటి కప్పుకుని, ఫోను ముట్టకుండా ఇరవై నిమిషాలు ఆగాలి. 48 రెట్లలో బూడిదరంగు రెక్కలు రెండువైపులా విచ్చుకున్నాయి. ఫోటోల్లోని గులాబీ రంగు కంటికి కనపడదు, అంత తక్కువ వెలుగులో కన్ను రంగును పట్టలేదు. సూటిగా కాకుండా ఓరకంట చూస్తే రెక్క ఇంకా దూరం సాగింది. మధ్యలో ట్రెపీజియం అనే చిన్న నక్షత్రాల గుంపులోని నాలుగు చుక్కలు ముత్యాల్లా ఉన్నాయి. గాలి కుదిరిన రాత్రి 6 మి.మీ. ఐపీస్‌తో 200 రెట్లలో ఐదోది కూడా రెండుసార్లు మెరిసింది.

రోజెట్ నెబ్యులా మాత్రం డాబా మీద నుంచి దొరకలేదు. మధ్యలోని నక్షత్రాల గుంపు తప్ప ఏమీ లేదు. నెబ్యులా వెలుగును వదిలి మిగతా వెలుగును చాలావరకు ఆపే యూహెచ్‌సీ ఫిల్టర్ పెట్టినా అంతే, తెల్లటి ఎల్‌ఈడీ లైట్ల వెలుగును అది పూర్తిగా ఆపలేదు. ఫిబ్రవరిలో ట్యూబును బొంతలో చుట్టి, కారు వెనక సీట్లో పడుకోబెట్టి, ఆత్మకూరు దగ్గర మా అత్తగారి ఊరికి తీసుకెళ్లాను. నల్లమల అంచు, నిజమైన చీకటి. అదే ఫిల్టర్, అదే ఐపీస్. టెలిస్కోప్‌ను మెల్లగా అటూ ఇటూ జరిపితే మసక వలయం అంచు కదిలింది. "బావా, మబ్బేమో?" అన్నాడు మా బావమరిది. పక్కకి జరిపి ఖాళీ ఆకాశం చూపించి, మళ్లీ అక్కడికి తెచ్చాక వాడూ నమ్మాడు.

మార్చిలో సప్తర్షి మండలం పైకొచ్చాక అమ్మను డాబా ఎక్కించాను. తన పెళ్లిలో అరుంధతిని పట్టపగలు చూపించారట. అసలు చుక్క కనపడలేదని ఇన్నేళ్లకు చెప్పింది. 48 రెట్లలో అరుంధతి, వసిష్ఠుడు ఇద్దరూ ఒకే ఫీల్డులో పట్టారు. పైగా వసిష్ఠుడే రెండుగా విడిపోయి ఉన్నాడు, 14 ఆర్క్‌సెకన్ల ఎడంతో. "ఈయన పక్కన ఇంకొకరు ఉన్నారే!" అంటూ అమ్మ ఐపీస్ వదల్లేదు.

మే నెలకు ఆల్ఫా సెంటారీ మిగిలింది. దాన్ని జంటగా తొలిసారి చూసింది మన పుదుచ్చేరి నుంచే, 1689లో ఫ్రెంచి మతగురువు ఫాదర్ రిచో. కర్నూల్లో అది దక్షిణాన 13 డిగ్రీల ఎత్తుకే వస్తుంది. మా డాబాకు ఆ వైపు పక్కింటి వాటర్ ట్యాంకు అడ్డం. పిట్టగోడ తూర్పు మూల నుంచి మాత్రం సందు ఉంది, నిన్న దిక్సూచి పెట్టి కొలిచాను. డాబ్సోనియన్ కింద వేయడానికి చెక్క బల్ల ఒకటి చేయించాలి.