26 బిళ్లలు, ఒక బుడగ

విమానాశ్రయంలో తనిఖీ అధికారి నా చేతిసంచిలోని గుండ్రటి ఉక్కు బిళ్లలను ఒక్కొక్కటిగా తీసి బల్ల మీద దొంతరగా పేర్చాడు. మొత్తం 26 బిళ్లలు. ఒక్కొక్కటి ఒక ఔన్సు, అంటే సుమారు 28 గ్రాములు. అన్నీ కలిపితే ముప్పావు కిలోకు కాస్త తక్కువ. ఇవేమిటని అడిగితే వింటికి తగిలించే బరువులని చెప్పాను. మరి విల్లేదని అడిగాడు. దాన్ని గట్టి పెట్టెలో పెట్టి సామానుతో పంపేశాననీ, వీటిని కూడా అందులోనే సర్దితే పెట్టె అనుమతించిన తూకాన్ని దాటిపోయిందనీ వివరించాను. విల్లు తేలికగా ఉంటే మంచిది కదా, పనిగట్టుకొని బరువులెందుకు తగిలిస్తారని ఆయన నిజమైన కుతూహలంతోనే అడిగాడు. వెనుక వరుస పెరుగుతోందన్న సాకుతో నవ్వి ఊరుకున్నాను గానీ, వరుస లేకపోయినా ఆ రోజు నా దగ్గర సరైన సమాధానం లేదు.

నేను వెళుతున్నది ఒక కొండలోయలో జరిగే మూడు రోజుల శిక్షణ శిబిరానికి. చలికాలమంతా పైకప్పు కింద, గాలి చొరబడని హాలులో, 18 మీటర్ల దూరం నుంచి సాధన చేసినవాణ్ని. కప్పీలతో పనిచేసే కాంపౌండ్ విల్లుతో ఆరుబయట వేసే దూరం 50 మీటర్లు; అక్కడ లక్ష్యపటం వ్యాసం 80 సెంటీమీటర్లు, పది పాయింట్ల వలయం వ్యాసం 8 సెంటీమీటర్లు. ఆ దూరానికి, అక్కడి గాలికి నా విల్లు ఎలా నిలబడుతుందో చూసుకోవాలన్నదే ఈ ప్రయాణానికి కారణం.

విమానం దిగాక ఘాట్ రోడ్డు మీద నాలుగు గంటల ప్రయాణం. మలుపు తిరిగినప్పుడల్లా వెనుక పెట్టెలో ఏదో దొర్లిన చప్పుడు వినిపించి, గురిచూసే సైట్ కదిలిపోయిందేమోనని ప్రాణం ఉసూరుమనేది. బసకు చేరగానే కాళ్లు కడుక్కోకముందే పెట్టె తెరిచాను. సైట్ భద్రంగానే ఉంది. నేను చేసిన తప్పు వేరొకటి. విల్లును నిలకడగా ఉంచే స్టెబిలైజర్ రాడ్లు రెండింటినీ విప్పి సర్దుకున్నాను గానీ, వెనుక సైడ్ రాడ్ ఏ కోణంలో ఉండేదో గుర్తు పెట్టుకోలేదు. దాన్ని పట్టి ఉంచే మౌంట్ మీద సన్నటి గీతలు ఉంటాయి; ఏ గీత దగ్గర బిగించానో కాగితం మీద రాసుకొని ఉంటే సరిపోయేది. ఆరు నెలల సర్దుబాటు ఒక్క అలెన్ కీ తిప్పుతో పోయింది.

చేసేది లేక కొత్తగా మొదలుపెట్టాను. ముందువైపు 30 అంగుళాల లాంగ్ రాడ్, దాని కొసన 5 ఔన్సులు. వెనుకవైపు 12 అంగుళాల సైడ్ రాడ్, దాని కొసన 10 ఔన్సులు. ఇది కావడి లెక్కే. బద్ద పొడవుగా ఉన్నవైపు కొద్ది బరువు చాలు, పొట్టిగా ఉన్నవైపు ఎక్కువ బరువు కావాలి. అయిదు ముప్పైలు 150, పది పన్నెండ్లు 120; తక్కిన తేడాను వింటి నడిమి భాగమైన రైజర్ బరువు, రాడ్ల సొంత బరువు చూసుకుంటాయని నా అంచనా. కుడిచేతివాటం వాళ్ల వింటికి సైట్ కుడిపక్కన బిగిస్తారు కాబట్టి విల్లు సహజంగా కుడివైపుకు ఒరుగుతుంది. దానికి సరితూగేలా సైడ్ రాడ్‌ను ఎడమవైపుకు తెరుస్తారు. గ్రిప్ కింద చెయ్యి పెట్టి విల్లును అలా నిలబెట్టి, అది ఏ పక్కకూ వాలకుండా నిటారుగా నిలిచే దాకా సైడ్ రాడ్‌ను జరిపి బిగించాను. సుమారు 40 డిగ్రీలకు తేలింది. విల్లు అరచేతిలో దీపస్తంభంలా నిలబడింది. చాలా సంతోషంగా పడుకున్నాను.

మరునాడు ఉదయం మైదానంలో ఆకు కదలలేదు. నా చుట్టూ ఉన్నవాళ్లలో సగానికి పైగా ఇరవై దాటని పిల్లలు. 2028 లాస్ ఏంజిలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిశ్రమ జట్టు పోటీకి తొలిసారి చోటు దక్కిన తరువాత ఈ విల్లు పట్టేవాళ్ల ఉత్సాహమే మారిపోయింది. మొదటి గంటలో నా బాణాలు పసుపురంగు దాటి బయటికి పోలేదు. ఎండ ఎక్కి కొండవాలు వేడెక్కేసరికి లోయ దిగువ నుంచి గాలి పైకి తోసుకురావడం మొదలైంది. పర్వత లోయల్లో పగటిపూట గాలి నడక అదే. లక్ష్యాల మీద కట్టిన చిన్న జెండాలు లేచిన కొద్దిసేపటికే సైట్‌కు ఉండే అద్దం (స్కోప్)లోని చుక్క పది వలయం అడుగు నుంచి కిందికి జారసాగింది. జారిన చుక్కను పైకి లాగుతూ, అది మధ్యకు వచ్చీరాగానే బాణం వదిలేస్తూ ఒక ఆరు బాణాలు వేశాను. నాలుగు కిందికీ, రెండు ఎడమకూ పోయాయి.

శిబిరం శిక్షకురాలు దాదాపు అరవై ఏళ్ల మనిషి. వెనుక నిలబడి అంతా చూస్తూ ఉన్నారు. బాణాలు తీసుకొని తిరిగి రాగానే, “సర్దుబాటు ఎక్కడ చేసుకున్నారు?” అని అడిగారు. రాత్రి గదిలో చేశానని చెప్పాను. “నారి లాగి చేశారా, లాగకుండా చేశారా?” అన్నారు. లాగకుండానే అన్నాను. ఆవిడ కోప్పడలేదు, నన్ను అయిదు మీటర్ల దూరంలో ఉన్న ఒక ఖాళీ దిమ్మె ముందుకు తీసుకువెళ్లారు. బాణం ఎక్కించి, దిమ్మెకు ఎదురుగా నిలబడి, నారిని వదిలే రిలీజ్ మీద వేలు పెట్టకుండా, నారిని పూర్తిగా లాగిన తరువాతే కళ్లు మూసుకొని, భుజాలు కుదుటపడ్డాక తెరిచి స్కోప్‌లోని రసమట్టం చూడమన్నారు. బాణం ఎక్కించమనడానికి కారణం ఉంది: కాంపౌండ్ విల్లును ఖాళీగా వదిలితే ఆ శక్తి అంతా వంగే బద్దలైన లింబులు, వాటి కొసల్లోని కప్పీలైన క్యామ్‌ల మీదే పడి విరిగిపోతాయి.

కళ్లు తెరిచేసరికి బుడగ కుడి గీతను తాకుతూ ఉంది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. బుడగ ఎప్పుడూ ఎత్తుగా ఉన్న పక్కకే పోతుంది; కుడికి పోయిందంటే విల్లు పైభాగం ఎడమకు వాలిందన్నమాట. కళ్లు తెరిచి గురిపెట్టినప్పుడు మాత్రం నాకు తెలియకుండానే మణికట్టు తిప్పి బుడగను మధ్యకు తెస్తున్నాను. గాలి వచ్చి చుక్క మీద ధ్యాస పెరిగినప్పుడు ఆ తిప్పడం మరిచిపోతున్నాను. ఎడమకు పోయిన రెండు బాణాల సంగతి అదీ. 18 మీటర్ల దగ్గర కళ్లకు ఆనని ఆ వాలు 50 మీటర్ల దగ్గర ఒక వలయం మింగేస్తుంది.

ఆవిడ నన్ను వెంటనే రాడ్ ముట్టుకోనివ్వలేదు. అసలు రసమట్టమే నిజం చెబుతోందో లేదో ముందు తేల్చాలన్నారు. ఒక స్తంభానికి దారం కట్టి కింద గుండు వేలాడదీసి, విల్లును ఆ దారానికి సమాంతరంగా పట్టించి, బుడగ మధ్యలోనే ఉందని చూశాకే ముందుకు సాగాం. ఈ పని చేయకుండా రాడ్లు తిప్పేవాళ్లు, తప్పుడు కాటాలో సరుకు తూచి రాళ్లు మార్చేవాళ్లతో సమానమని నాకిప్పుడు అనిపిస్తుంది.

లాగకుండా కుదిరిన తూకం లాగితే ఎందుకు చెడుతుంది? నాకు అన్నిటికంటే ఎక్కువ పనికివచ్చిన పాఠం ఇదే కాబట్టి కొంచెం నిలబడి చెబుతాను. లాగనప్పుడు విల్లు అరచేతి మీద కూర్చుని ఉంటుంది, అంతే. లాగినప్పుడు అది ఒకవైపు నా అరచేతికీ, ఇంకోవైపు నారి బిగువుకూ మధ్య ఇరుక్కుంటుంది. నా విల్లు గరిష్ఠ బలం 58 పౌన్లు. క్యామ్‌లు తిరిగి 75 శాతం తగ్గాక వేళ్ల మీద నిలిచేది 14.5 పౌన్లు. ముందుకు ఒరగబోయే విల్లును ఆ బిగువు కొంతవరకు ఆపుతుంది. అరచేతికీ వేళ్లకూ మధ్య ఉన్న గీతను ఇరుసుగా చేసుకొని పక్కకు దొర్లడాన్ని మాత్రం అది దాదాపుగా ఆపదు. గ్రిప్‌లో చెయ్యి ఏ మూల నొక్కుతుందో దాన్ని బట్టి ఆ దొర్లుడు మారిపోతుంది. అందువల్ల ఒకరి వింటి తూకం మరొకరికి సరిపోదు. నా వింటి తూకం కూడా, నేను దాన్ని లాగి నిలబడినప్పటి తూకమే తప్ప, మంచం మీద కూర్చుని చూసిన తూకం కాదు.

సైడ్ రాడ్‌ను 40 నుంచి 30 డిగ్రీలకు, లోపలికి తెచ్చాం. బుడగ సగం దూరం వెనక్కి వచ్చింది. 20 దగ్గర మధ్యలో నిలిచింది. తరువాత చుక్క జారడం సంగతి. చుక్క పదేపదే కిందికి పోతుంటే ముందు బరువు ఎక్కువైందనో వెనుక చాలలేదనో అర్థం. పైకి తేలుతుంటే దానికి తలకిందులు. రెండూ ఒకేసారి మార్చబోతే శిక్షకురాలు నా చెయ్యి పట్టుకొని ఆపారు. “ఒక్కటే మార్చండి. రెండు మార్చితే ఏది పనిచేసిందో మీకూ తెలియదు, నాకూ తెలియదు” అన్నారు. ముందునుంచి ఒక బిళ్ల తీసేసి నాలుగు ఉంచాను. అప్పుడు నాలుగు ముప్పైలు 120, వెనుక 120. జారడం తగ్గి, చుక్క పదిలో బద్ధకంగా తిరగడం మొదలుపెట్టింది. ఒక పుస్తకంలో అన్నీ రాసుకున్నాను, ఈసారి కోణంతో సహా.

రెండో రోజు నా సొంత తెలివి ప్రదర్శించాను. గాలికి చుక్క అదురుతోంది కాబట్టి బరువు పెంచితే నిలుస్తుందని, సంచిలోని బిళ్లలన్నీ బయటికి తీసి ముందు 8, వెనుక 16 బిగించాను. మొదటి మూడు ఎండ్‌లు, అంటే మూడు విడతల బాణాలు, చూసినవాళ్లెవరైనా నన్ను మెచ్చుకునేవారే. చుక్క మేకు కొట్టినట్టు నిలిచింది. కానీ అర్హత రౌండు 72 బాణాలది. నలభై దాటేసరికి ఎడమభుజం మీదికి లేవసాగింది, యాభై దాటాక చుక్క ముందురోజు కంటే ఘోరంగా కిందికి పడింది. ఇప్పుడది రాడ్ల దోషం కాదు, కండరాలది. ఎంత బరువు మోయగలమో మొదటి పన్నెండు బాణాలను అడగకూడదు, చివరి పన్నెండును అడగాలి. ఆ మధ్యాహ్నం పది బిళ్లలు సంచిలోకి తిరిగి వెళ్లాయి.

సాయంత్రం గాలి తగ్గాక మైదానం చివర కూర్చుని మాట్లాడుకుంటుంటే శిక్షకురాలు కాంపౌండ్ విల్లు పుట్టుక గురించి ప్రస్తావించారు. అమెరికాలోని మిస్సోరికి చెందిన హోలిస్ విల్బర్ అలెన్ 1966లో పేటెంటుకు దరఖాస్తు చేస్తే 1969 చివర్లో మంజూరైంది. కప్పీల సాయంతో చివర్లో లాగుడు తేలికపడే ఈ ఏర్పాటు వల్లే విలుకాడు నారిని పట్టుకొని తీరికగా గురిచూడగలుగుతున్నాడు. ఆ తీరికే మనకు చుక్క వణుకును కూడా చూపిస్తోందని ఆవిడ నవ్వారు. నిజమే, చూడకపోతే ఇన్ని బిళ్లలు మోసే అవస్థ ఉండేది కాదు.

మూడో రోజు ఇంకో చిక్కు. గాలి అడ్డంగా వీచినప్పుడు నా లావుపాటి లాంగ్ రాడ్ తెరచాపలా దాన్ని పట్టుకుంటోంది. చుక్క పక్కకు నెట్టుకుపోయి, తిరిగి రావడానికి ఆలస్యమవుతోంది. పక్కనున్న అమ్మాయి తన దగ్గరున్న 27 అంగుళాల సన్నటి కార్బన్ రాడ్ వాడి చూడమని ఇచ్చింది. మళ్లీ లెక్క వేసుకున్నాను. వింటి కదలికను మందగింపజేసే గుణం దూరంతో కాక, దూరపు వర్గంతో పెరుగుతుంది. 30 అంగుళాల కొసన 4 ఔన్సులంటే 3600. 27 అంగుళాల కొసన అదే 4 ఔన్సులంటే 2916. ఒక బిళ్ల చేర్చి అయిదు చేస్తే 3645. అంటే స్థిరత్వం దాదాపు పాతదే, గాలికి దొరికే రాడ్ మాత్రం తక్కువ. అయిదు ఇరవై ఏడులు 135 కాబట్టి వెనుక కూడా ఒకటి చేర్చి 11 చేశాను, అక్కడ 132. వెనుక బరువు పెరిగినందుకు బుడగ వెంట్రుకవాసి కుడికి జరిగితే, సైడ్ రాడ్‌ను మరో రెండు డిగ్రీలు లోపలికి తెచ్చాను. మొత్తం 16 ఔన్సులు, సరిగ్గా ఒక పౌను. మొదటిరోజు ఉదయం బిగించినదాని కంటే ఒక్క ఔన్సే ఎక్కువ.

ఆ మధ్యాహ్నం వేసిన 72 బాణాల్లో గాలి నెట్టినవి లేకపోలేదు. తేడా ఏమిటంటే, నెట్టుకుపోయిన చుక్క నేను లాగకుండానే తిరిగి వచ్చేది. అది తనంతట తాను వచ్చేదాకా ఆగలేకపోయిన బాణాలే తొమ్మిదిలో పడ్డాయి. వాటికి బిళ్లలతో వైద్యం లేదు.

అమ్మాయి రాడ్ ఆమెకిచ్చేసి, అలాంటిదే తెప్పించుకోవాలని రాసుకొని పెట్టె సర్దాను. విప్పకముందు మౌంట్ మీద మార్కర్‌తో గీత గీశాను. బిళ్లలను మూడు గుడ్డసంచుల్లో కట్టాను: ముందువి, వెనుకవి, మిగిలినవి. తిరుగు ప్రయాణంలోనూ తనిఖీ తప్పలేదు. ఈసారి అధికారిణి మూడు సంచులూ విప్పి చూసి, ఒకేలాంటి వాటిని వేరువేరుగా ఎందుకు కట్టారని అడిగింది. ముందువైపు అయిదు ఉంచితే వెనుకవైపు పదకొండు కావాలనీ, లేకపోతే విల్లు చేతిలో ఒరుగుతుందనీ చెప్పాను. ఆమె తల ఊపి, మూడింటినీ కలిపి ఒకే సంచిలో పోసి నా చేతికిచ్చింది.

ఇంటికి చేరిన రాత్రే పాత రాడ్‌తోనే విల్లు కూర్చాను. 30 అంగుళాలకు లెక్క ప్రకారం ముందు నాలుగు, వెనుక పది, కోణం పుస్తకంలో రాసుకున్న 20. దిమ్మె ముందు నిలబడి బాణం ఎక్కించి, లాగి, కళ్లు మూసి తెరిచాను. బుడగ కొద్దిగా ఎడమకు ఉంది. అలెన్ కీ కోసం చెయ్యి దానంతటదే వెళ్లింది గానీ, దాన్ని పక్కన పెట్టి, గోడకు వేలాడదీయడానికి దారం, గుండు వెతకడం మొదలుపెట్టాను.