తాతయ్య జేబులో చీటీ

"ఆ చీటీ తాతయ్యకు ఇవ్వను" అన్నాడు మా అబ్బాయి. మా నాన్నగారి పేరు, ఇంటి చిరునామా, నా ఫోను నంబరు, ఆయనకు ఇంగ్లిషు రాదన్న మాట రాసి, నడకకు వెళ్లేముందు ఆయన చొక్కా జేబులో పెట్టమన్నాను. "పోలీసులు ఆపితే దానికోసం జేబులో చెయ్యి పెడతాడు. తుపాకి తీస్తున్నాడనుకుంటారు. అదే ప్రమాదం అమ్మా." వాడికి పదహారేళ్లు. ఇక్కడ అమెరికాలో పోలీసులు కారు ఆపితే చేతులు స్టీరింగు మీదే ఉంచాలని, ఏది తీయాలన్నా ముందు చెప్పి తీయాలని నేర్పింది నేనే.

నాన్నగారు మంకీ క్యాపు చెవుల మీదికి లాక్కుని నడుస్తారు. ఎవరైనా పలకరిస్తే ముందుగా కళ్లజోడు కోసం జేబు తడుముకుంటారు. ఆయన గడప దాటినప్పుడల్లా నాకు సురేశ్‌భాయ్ పటేల్ గుర్తొస్తాడు. మనవణ్ణి చూసుకోవడానికి గుజరాత్ నుంచి అలబామాలోని మాడిసన్‌కు వచ్చిన 57 ఏళ్ల మనిషి. 2015 ఫిబ్రవరిలో ఒక ఉదయం కొడుకు ఇంటి దగ్గర నడుస్తుంటే, సన్నటి నల్లజాతి మనిషెవరో తిరుగుతున్నాడని ఒకరు పోలీసులకు ఫోను చేశారు. పోలీసులు వచ్చి ఆపితే పటేల్ ఇంగ్లిషు రాదన్నాడు, ఇండియా అన్నాడు. ఒక అధికారి ఆయన్ను ముఖం నేలకు తగిలేలా పడేశాడు. వెన్నెముక దెబ్బతిని కాళ్లూ చేతులూ సరిగ్గా ఆడలేదు. పోలీసు కారు కెమెరా అంతా చూసింది. గవర్నరు క్షమాపణ చెప్పారు. ఆ అధికారి మీద నడిచిన రెండు విచారణల్లోనూ జ్యూరీ ఒక మాట మీదికి రాలేదు. 2016 జనవరిలో న్యాయమూర్తి ఆ అధికారిని నిర్దోషి అన్నారు. ఆ అధికారి మళ్లీ ఉద్యోగంలో చేరాడు కూడా.

"పాపం, నల్లవాడనుకుని పొరబడ్డారు" అన్నాను. మన ఇళ్లలో అందరం అనే మాటే.

"నల్లవాడే అయితే పడేయవచ్చా?" అన్నాడు వాడు.

పడేయకూడదు. ఆ సంగతి నాకు తెలియక కాదు. అయినా 2020లో మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి మెడ మీద పోలీసు మోకాలు ఆనించి చంపినప్పుడు, నిరసన ఊరేగింపుకు వెళ్తానన్న మా అమ్మాయిని ఇల్లు కదలనివ్వలేదు. 2023లో సియాటిల్‌లో రోడ్డు దాటుతున్న జాహ్నవి కందులను పోలీసు కారు గుద్ది చంపింది. 25 మైళ్ల వేగం దాటకూడని వీధిలో 74 మైళ్ల వేగం! ఆమె ప్రాణం విలువ అంతంతేనని మరో అధికారి నవ్వుతూ మాట్లాడాడని తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. కొవ్వొత్తులు పట్టుకుని నిలబడదామని తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాను. ఆదోని పిల్ల కదా, మన పిల్ల. ఫ్లాయిడ్ కోసం ఇప్పుడైనా అమ్మాయిని పంపుతావా అని అడిగితే, పంపుతానని గట్టిగా చెప్పలేను.

నేను మొన్న మొన్న నేర్పిన స్టీరింగు పాఠాన్ని నల్లజాతి తల్లులు తరతరాలుగా పిల్లలకు చెబుతున్నారు. 2016లో మిన్నెసోటాలో కారు ఆపిన పోలీసుకు ఫిలాండో కాస్టిల్ తన దగ్గర తుపాకి ఉందని ముందే మర్యాదగా చెప్పాడు. దానికి ఆయనకు అనుమతి ఉంది. క్షణాల్లో కాల్చి చంపారు. వెనక సీట్లో నాలుగేళ్ల పాప ఉంది. కాల్చిన అధికారి మరుసటి ఏడాది నిర్దోషిగా బయటపడ్డాడు. మర్యాదగా మాట్లాడితే ఏమీ కాదని మా వాడికి ఇప్పటికీ చెబుతున్నాను. నమ్మకం లేకపోయినా, ఆ మాట చెప్పకుండా కారు తాళాలు వాడి చేతికి ఇవ్వలేకపోతున్నాను.