మీ పిల్లలు మూడో తరగతికి వస్తున్నారా?

ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు ఇంట్లో అందరికీ హడావుడే. ఐదో తరగతికి వచ్చేసరికి తర్వాత ఏ స్కూలు అన్న ఆలోచన మొదలవుతుంది. మధ్యలో మూడో తరగతి మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోకుండానే గడిచిపోతుంది. నేను చాలా ఏళ్లుగా ఆ తరగతికే పాఠాలు చెబుతున్నాను. ప్రైమరీ చదువు మొత్తంలో ఒక్క సంవత్సరమే పిల్లల పక్కన కూర్చునే తీరిక మీకు దొరికితే, దాన్ని ఈ సంవత్సరానికి ఇవ్వమని అడుగుతాను.

రెండో తరగతి దాకా పిల్లలు చదవడం నేర్చుకుంటారు. గుణింతాలు, ఒత్తులు, పొట్టి పొట్టి వాక్యాలు. పుస్తకంలో ఉండేది చాలావరకు వాళ్లకు తెలిసిన సంగతే, లేదా బొమ్మ చూస్తే తెలిసిపోయేదే. మూడులో పుస్తకం పని మారడం మొదలవుతుంది. నీరు ఆవిరై ఎక్కడికి పోతుంది, మొక్కకు ఆహారం ఎక్కడి నుంచి వస్తుంది, మ్యాప్‌లో దిక్కులు ఎలా చూడాలి, ఇవన్నీ చదివి తెలుసుకోవాల్సి వస్తుంది. జీన్ షాల్ అనే అమెరికన్ విద్యావేత్త 1983లో చదవడంలోని దశల గురించి రాస్తూ ఈ మలుపును విడదీసి చూపించారు. ఆమె లెక్క ప్రకారం మూడో తరగతి పూర్తయ్యేదాకా చదవడం నేర్చుకుంటారు, నాలుగు నుంచి చదివి నేర్చుకుంటారు. అంతవరకు బాగానే ఉన్న కొందరు పిల్లలు నాలుగో తరగతిలో ఉన్నట్టుండి వెనకబడటానికి కారణం ఇదే. నాలుగులో బయటపడే ఆ ఇబ్బంది మూడులోనే ఉంటుంది. చూసేవాళ్లుంటే అప్పుడే కనిపిస్తుంది.

పేరెంట్స్ మీటింగ్‌లో నేను తరచుగా వినే మాట, "మా వాడు గడగడా చదివేస్తాడు మేడమ్." నిజమే, చదువుతాడు. ఒత్తు తప్పకుండా, కామా దగ్గర ఆగి మరీ చదువుతాడు. చదివాక, "ఆ ముసలాయన పిల్లల్ని తోటలోకి ఎందుకు రానివ్వలేదు?" అని అడిగితే మాత్రం బిక్కమొహం వేస్తాడు. పుస్తకం చూసి చెప్పమంటే, నా ప్రశ్నలోని మాట ఏ వాక్యంలో ఉందో వేలు పెట్టి వెతికి, ఆ వాక్యం మొత్తం అప్పజెబుతాడు. పరీక్షలో అదే వాక్యం దించేస్తే మార్కులు కూడా పడతాయి. అందుకే ఇది రిపోర్ట్ కార్డులో కనిపించదు. ఇంకో రకం అమ్మాయి ఉంటుంది. తనంతట తాను చదవమంటే ప్రతి పదం దగ్గరా ఆగిపోతుంది. అదే పాఠం నేను చదివి వినిపిస్తే అందరికంటే ముందు చెయ్యెత్తి, కథలో ఎక్కడా రాయని సంగతి కూడా పట్టుకుని చెబుతుంది.

ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో దీన్ని ఒక గుణకారంగా చూపించారు. రాసి ఉన్నదాన్ని పలకగలగడం ఒక సంఖ్య, ఆ భాషను విని అర్థం చేసుకోగలగడం ఇంకో సంఖ్య. చదివి అర్థం చేసుకోవడం అంటే ఆ రెండింటి లబ్ధం. కూడిక అయితే ఒకటి తగ్గినా రెండోది ఆదుకునేది. గుణకారంలో ఏ ఒక్కటి సున్నా అయినా మొత్తం సున్నానే. తల్లిదండ్రులకు నేను ఇంత ఓపిగ్గా చెప్పేది ఇంకొకటి లేదు. పైన చెప్పిన ఇద్దరికీ పరీక్షలో ఒకే మార్కులు రావచ్చు, కానీ వాళ్లకు కావలసిన సాయం వేరు. మొదటి పిల్లాడికి ఇంకో పదిసార్లు చదివిస్తే ఏమీ జరగదు. వాడికి మాటలు కావాలి, కథలు కావాలి, "ఎందుకు" అని అడిగేవాళ్లు కావాలి. రెండో అమ్మాయికి తెలివి లేదని ఎవరైనా అంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఆ పిల్లకు కావలసింది అక్షరాల దగ్గర, ఒత్తుల దగ్గర రోజూ కాస్త సాధన.

మీ పిల్లలు ఎటువైపు ఉన్నారో తెలుసుకోవడానికి ఒక సాయంత్రం చాలు. ఇంకా క్లాసులో చెప్పని ఒక పాఠం తీసుకోండి. ఒక పేజీ మీరు చదివి వినిపించి, ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో వాళ్ల మాటల్లో చెప్పమనండి. తర్వాతి పేజీ వాళ్లనే చదవమని, అవే ప్రశ్నలు అడగండి. విన్నది బాగా చెప్పి చదివింది చెప్పలేకపోతే, ఆ రెండో అమ్మాయిలా అక్షరాల దగ్గర సాధన కావాలి. రెండూ చెప్పలేకపోతే, ఆ మొదటి పిల్లాడిలా మాటలు, కథలు కావాలి. అడిగేటప్పుడు పరీక్ష పెడుతున్నట్టు గొంతు మార్చకండి. ఆ గొంతు వాళ్లకు వెంటనే తెలిసిపోతుంది.

సంవత్సరం సగం గడిచాక కూడా కూడబలుక్కునే చదువుతుంటే, లైన్లు వదిలేస్తుంటే, ఒకే పదాన్ని పై లైనులో ఒకలా కింది లైనులో ఇంకోలా చదువుతుంటే "పెద్దయ్యాక అదే వస్తుందిలే" అని ఆగకండి. ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. బోర్డు సరిగా కనపడని పిల్లలు ఆ మాట తమంతట తాము చెప్పరు. అందరికీ అలాగే కనిపిస్తుందనుకుంటారు. ఆ రెండూ బాగుంటే డిస్లెక్సియా (తెలివి ఉన్నా అక్షరాలు, పదాలు చదవడం కష్టమయ్యే ఇబ్బంది) ఉందేమో చూడగలిగే నిపుణుల దగ్గరకు తీసుకెళ్లండి. డిస్లెక్సియాకు, బద్ధకానికి ఏ సంబంధమూ లేదు. ఎంత తొందరగా సాయం అందితే అంత మంచిది.

ఈ వయసులోనే చాలా ఇళ్లలో ఒక మంచి అలవాటు ఆగిపోతుంది. పిల్లలకు చదవడం వచ్చేసింది కదా అని పెద్దవాళ్లు కథలు చదివి వినిపించడం మానేస్తారు. దయచేసి మానకండి. ఎనిమిదేళ్ల పిల్లలు సొంతంగా చదివి అర్థం చేసుకోగలిగిన దానికంటే విని అర్థం చేసుకోగలిగింది చాలా ఎక్కువ. కొత్త మాటలు, పొడుగాటి వాక్యాలు వాళ్లకు ఎక్కువగా చెవి ద్వారానే అందుతాయి. ఇంట్లో ఒక భాష, స్కూల్లో ఇంకో భాష ఉన్నవాళ్లు పాఠం గురించి ఇంటి భాషలోనే మాట్లాడండి. ఆవిరి అంటే ఏమిటో ఒక భాషలో అర్థమైన పిల్లకు రెండో భాషలో దాని పేరు నేర్చుకుంటే సరిపోతుంది.

లోకజ్ఞానం చదువుకు ఎంత సాయపడుతుందో చూపించే పాత ప్రయోగం ఒకటుంది. 1988లో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు పరిశోధకులు, మూడో తరగతికంటే పెద్ద పిల్లలతో, బేస్‌బాల్ ఆట గురించిన ఒక కథనం చదివించారు. చదవడంలో వెనకబడి ఉన్నా ఆ ఆట బాగా తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగి ఆట తెలియని పిల్లలకంటే కథను బాగా చెప్పగలిగారు. కాబట్టి చీమల బారును చూస్తూ మీరు చెప్పే నాలుగు మాటలు కూడా చదువే.

లెక్కల్లోనూ ఇదే కథ ఇంకో రూపంలో వస్తుంది. 1980 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు ఒక లెక్క ఇచ్చారు. ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, ఓడ కెప్టెన్ వయసెంత? 97 మందిలో 76 మంది ఆ అంకెలతోనే ఏదో ఒక జవాబు రాశారు. 36 ఏళ్లు అనుకోవడం వాళ్లకు తేలికగానే అనిపించింది. ఆ పిల్లలు తెలివితక్కువవాళ్లు కారు. లెక్క అంటే అందులోని అంకెలు ఏరి ఏదో ఒకటి చేయడమే అని వాళ్లకు అలవాటైపోయింది. నా తరగతిలో "మొత్తం" అన్న మాట కనిపిస్తే కూడేసేవాళ్లు, "మిగిలినవి" కనిపిస్తే తీసేసేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు. "రవి దగ్గర సీత కంటే 5 పెన్సిళ్లు ఎక్కువ ఉన్నాయి, రవి దగ్గర 12 ఉంటే సీత దగ్గర ఎన్ని?" అంటే "ఎక్కువ" అన్న మాట చూడగానే 17 రాసేస్తారు. ఇంట్లో మీరు చేయగలిగిందల్లా లెక్క చదివాక "కూడాలా, తీసివేయాలా?" అని అడగడం మానేసి, "ఇక్కడ ఏం జరిగింది? బొమ్మ గీసి చూపించు" అనడం. ఇద్దరి పెన్సిళ్లూ పక్కపక్కన గీతలుగా గీస్తే ఎవరి దగ్గర తక్కువో కంటికే తెలుస్తుంది.

తీసివేతల్లో ఒక తప్పు ఎక్కువగా చూస్తాను. 503లోంచి 267 తీసేయమంటే 364 వేస్తారు. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్నది తీసేశారన్నమాట. అసలు జవాబు 236. ఇది అజాగ్రత్త అనుకుని "సరిగ్గా చూసి చేయి" అంటే ఆ పిల్ల మళ్లీ చూసి, మళ్లీ 364 వేస్తుంది. 500 అంటే ఐదు వందలు, ఒక వందను పది పదులుగా మార్చవచ్చు అన్న సంగతి పట్టుబడలేదు. పుల్లల కట్టలు విప్పి చూపిస్తే పట్టుబడుతుంది. తప్పు జవాబు మీద ఎర్ర గీత పెట్టేముందు "ఇది ఎలా చేశావు?" అని అడగండి. ఆ వివరణలో నాకు పరీక్ష పేపర్‌కంటే ఎక్కువ తెలుస్తుంది. ఇంకోటి, 8 + 4 = ? + 5 అని ఇచ్చి చూడండి. 12 అనో, 17 అనో చెప్తే సమానం గుర్తును "జవాబు ఇక్కడ రాయాలి" అన్న సూచనగా చూస్తున్నారని అర్థం. రెండు వైపులా ఒకే విలువ ఉండాలని ఇప్పుడే తెలిస్తే తర్వాత బీజగణితం దగ్గర తడబడరు.

ఎక్కాల గురించి చాలా ఇళ్లలో టెన్షన్ ఉంటుంది. ఎక్కాలు రావాలి, అందులో నాకు అనుమానం లేదు. ఏడెనిమిదులు ఎంతో ఆలోచిస్తూ కూర్చున్న పిల్లకు భాగహారం మీద మనసు పెట్టే వీలుండదు. కానీ కంఠతా పట్టాల్సింది మనం అనుకునేంత లేదు. ఒకటి నుంచి పది దాకా ఎక్కాల్లో మొత్తం 100 గుణకారాలు. మూడేడులూ ఏడుమూడులూ ఒకటే అని తెలిస్తే 55 అవుతాయి. ఒకటి, రెండు, ఐదు, పది ఎక్కాలు ఎలాగూ తొందరగా వస్తాయి, వాటిని పక్కన పెడితే మిగిలేవి 21. ఆ 21ని ఒక కాగితం మీద రాసుకుని, వచ్చినదాన్ని కొట్టేస్తూ పొమ్మనండి. ఏడెనిమిదులు మరిచిపోతే ఏడునాలుగులు 28, దానికి రెట్టింపు 56 అని కట్టుకోవచ్చు. స్టాప్‌వాచ్ పెట్టి నిలబెట్టి అడగడం మాత్రం వద్దు. "నాకు లెక్కలు రావు" అన్న మాట పిల్లల నోటి వెంట మొదటిసారి నేను వినేది ఈ తరగతిలోనే. ఆ మాట వెనక చాలాసార్లు భయమే ఉంటుంది. "మన ఇంట్లో ఎవరికీ లెక్కలు రావులే" అని ఓదార్చే తల్లిదండ్రులు ప్రేమతోనే అంటారు, కానీ పిల్ల దాన్ని తీర్పులా తీసుకుంటుంది.

పక్కవాళ్లతో పోల్చుకోవడం కూడా ఇప్పుడే మొదలవుతుంది. ఒకటో తరగతి పిల్లలు తమ బొమ్మే అన్నిటికంటే బాగుందంటారు. ఎనిమిదేళ్ల పిల్లలు పక్కవాళ్ల నోట్‌బుక్‌లోకి చూసి తమది చేత్తో దాచుకుంటారు. స్నేహాలు కూడా గట్టిపడతాయి, "నిన్ను మా ఆటలో చేర్చుకోం" అన్న మాట రోజంతా మనసులో తిరుగుతుంది. ఉదయం కడుపునొప్పి అంటూ స్కూలుకు పోననే పిల్లల్ని ముందు డాక్టరుకు చూపించండి. ఏమీ లేదని తేలితే చదువు గురించి కాకుండా, ఇంటర్వెల్‌లో ఎవరితో ఆడుకుంటున్నారో అడిగి చూడండి.

హోంవర్క్ విషయానికొస్తే, హారిస్ కూపర్ అనే పరిశోధకుడు సమర్థించిన లెక్క రోజుకు ఒక్కో తరగతికి పది నిమిషాల చొప్పున, అంటే మూడో తరగతికి అరగంట. రోజూ రెండు గంటలు పడుతుంటే స్కూలుకు చెప్పండి. తప్పు ఎక్కడుందో మాకూ తెలియాలి. నిద్ర మాత్రం తగ్గించకండి, ఈ వయసుకు రోజుకు 9 నుంచి 12 గంటలు కావాలి. తెల్లవారుజామునే లేపి చదివించిన పిల్ల నా క్లాసులో పది గంటలకు బల్ల మీద వాలిపోతుంది.

మీటింగ్‌కు వచ్చినప్పుడు మార్కుల దగ్గరే ఆగకండి. చదివినదాన్ని సొంత మాటల్లో చెప్పగలుగుతున్నాడా, లెక్కల్లో సరిగ్గా ఎక్కడ ఆగిపోతున్నాడు, క్లాసులో తెలియనప్పుడు అడుగుతున్నాడా అని టీచర్ని అడగండి. వెంటనే జవాబు రాకపోతే నొచ్చుకోకండి, ఒక వారం గమనించి చెప్పమనండి. ఇంట్లో మీరు చూసింది కూడా మాకు చెప్పండి, ఇంట్లో పిల్లల్ని మేం చూడలేం కదా. ఇవన్నీ మొదటి రెండు మూడు నెలల్లోనే అడిగితే మంచిది. అప్పటికి పిల్లలెవరో నాకు తెలిసి ఉంటుంది, సరిచేయడానికి ఇంకా సంవత్సరం మిగిలి ఉంటుంది.